బెల్టు మాత్రమే

జాతీయ రహదారి మీంచి పలాస ఊళ్ళోకి తిరిగే దారికి కాస్త ఇవతల కామేశ్ షెడ్డు. విశాఖపట్నంలో పదకొండేళ్ళు ఇతరుల వర్క్‌షాపుల్లో పనిచేసి, ముప్ఫై నాలుగో ఏట తిరిగొచ్చి సొంతంగా పెట్టుకున్నాడు. డీజిల్ ఇంజన్ చప్పుడు విని దానికేం జబ్బో చెప్పగలడని చుట్టుపక్కల పేరుంది. ఆ పేరంటే అతనికి కొంచెం ఎక్కువ మక్కువే. ఎవరైనా తన మాట నమ్మలేదంటే ఆ పూట అన్నం సహించేది కాదు.

గున్నయ్య మొదటిసారి అతని షెడ్డుకి వచ్చింది సెప్టెంబరులో, వానలు తెరిపి ఇచ్చిన ఒక సోమవారం పొద్దున్న. బారువకి దగ్గర్లో, సముద్రం ఒడ్డునున్న పల్లె అతనిది. మూడెకరాల కొబ్బరి తోట, ఎకరం జీడి. భార్య పేరు పెద్దతల్లి. ఆమెకి కిడ్నీలు పాడై అప్పటికి రెండేళ్ళు. వారానికి మూడుసార్లు పలాస తీసుకొచ్చి డయాలసిస్ చేయించాలి. మొదట్లో ఆటోలో తెచ్చేవాడు. పోనూ రానూ డెబ్భై ఎనభై కిలోమీటర్ల కుదుపులకి ఆమె తిరుగు ప్రయాణంలో వాంతులు చేసుకునేది. సూదులు గుచ్చిన చోట కట్టు తడిసిపోయేది. చివరికి గున్నయ్య జీడితోటలో అర ఎకరం అమ్మేసి, సోంపేటలో ఒకాయన దగ్గర పాత డీజిల్ కారు కొన్నాడు. యాభై ఎనిమిదో ఏట, మనవలున్న వయసులో, స్టీరింగు పట్టడం నేర్చుకున్నాడు. వెనక సీటు మీద మెత్తటి బొంత పరిచి, దాని మీద భార్యని కూర్చోబెట్టి, గంటకి నలభై దాటకుండా నడిపేవాడు.

ఆ రోజు భార్యని ఆసుపత్రిలో దింపి, కారు తెచ్చి షెడ్డు ముందు ఆపాడు. ఇంజన్లోంచి ఏదో సన్నటి ఈల వినిపిస్తోందన్నాడు. కామేశ్ బానెట్టు ఎత్తి, చెవి ఒగ్గి విన్నాడు. కారు ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో చూశాడు. లక్షా ఇరవై వేలు దాటింది. టైమింగ్ బెల్టు ఎప్పుడైనా మార్చారా అని అడిగితే గున్నయ్యకి ఆ మాటే కొత్త. అమ్మినాయన కూడా ఏమీ చెప్పలేదట.

కామేశ్ ఓపిగ్గానే చెప్పాడు. ఇంజన్లో పైనున్న వాల్వుల్నీ, కిందనున్న పిస్టన్లనీ ఒకే తాళానికి నడిపించేది ఆ రబ్బరు బెల్టే. అది నడుస్తూ నడుస్తూ తెగిందంటే పిస్టన్లు వెళ్ళి వాల్వుల్ని గుద్దుతాయి. ఇంజన్ పైనుండే హెడ్డు, అంటే తల, ఊడదీయాల్సి వస్తుంది. కాబట్టి బెల్టు వెంటనే మార్చాలి. ఈ బండిలో ఇంజన్ని చల్లబరిచే నీళ్ళ పంపుని తిప్పేది కూడా ఆ బెల్టే, రెండూ ఒకే మూత వెనక ఉంటాయి. ఆ మూత విప్పి బిగించడానికే రోజు పడుతుంది. అందుకని బెల్టుతో పాటు పంపు కూడా మార్చేస్తే ఒక కూలితో రెండు పనులూ అయిపోతాయి. అన్నీ కలిపి పదిహేను వేలు అవుతుంది. పంపు వద్దనుకుంటే పదకొండున్నర.

గున్నయ్య ముఖం ముడుచుకుంది. అంతకు ముందు రెండు నెలల కిందటే ఇంకెవరో కొత్త బ్యాటరీ అని పాతది అంటగట్టారు. ఆ మంట ఇంకా చల్లారలేదు. ఆ రోజు పొద్దున్నే ఆసుపత్రిలో డాక్టరు పెద్దతల్లి రక్తం బాగా తగ్గిపోయిందని కూడా చెప్పి ఉన్నాడు. ఆ సంగతి కామేశ్‌కి చాలా రోజుల తర్వాత గాని తెలియలేదు.

"పంపులోంచి నీరేటైనా కారుతుందా?" అని అడిగాడు గున్నయ్య.

"ఇప్పటికి పైకి కనిపించట్లేదు మావా. విప్పితేగాని తెలీదు."

"కారనప్పుడు మార్సడమెందుకు? బాగున్న సరుకు పీకేసి కొత్తది ఎట్టి, డబ్బులు గుంజుతారు. పల్లెటూరోడు కనిపిత్తే మీకందరికీ పండగే."

షెడ్డులో అప్పుడు ఇంకో ముగ్గురు కూర్చుని ఉన్నారు. వాళ్ళలో ఒకడు ఫక్కుమని నవ్వాడు. కామేశ్‌కి చెవులు వేడెక్కాయి. ఇంకొక్క మాట కూడా బతిమాలకూడదనుకున్నాడు. సరే, బెల్టు ఒక్కటే మారుస్తాను, సాయంత్రం నాలుగింటికి రండి అన్నాడు. బిల్లు పుస్తకం తీసి, 'బెల్టు మాత్రమే, పంపు వద్దన్నారు' అని రాసి, గున్నయ్య ముందుకి తోసి సంతకం పెట్టమన్నాడు. గున్నయ్య ఆ కాగితాన్నీ, అతన్నీ ఒకసారి చూసి, వంకర టింకర అక్షరాలతో పెట్టాడు.

మధ్యాహ్నానికి మూత విప్పాడు కామేశ్. బెల్టు మీద సన్నటి బీటలు కనిపించాయి. అతను చెప్పింది నిజమే. పంపు మీదికి లైటు వేసి చూశాడు. దాని అడుగున సూది బెజ్జమంత రంధ్రం ఉంటుంది. లోపలి సీలు పోవడం మొదలైతే ముందు అక్కడ తడి కనిపిస్తుంది. ఆ రంధ్రం చుట్టూ కూలెంటు నీరు ఎండి గులాబీ రంగు చార కట్టి ఉంది. వేలితో పంపు చక్రాన్ని తిప్పాడు. తిరుగుతోంది గాని, ఒకచోట ఇసుక రేణువు తగిలినట్టు గరగరమంది. పట్టుకుని అటూ ఇటూ కదిపితే వెంట్రుకవాసి ఊగింది.

అతని ఫోన్‌లో గున్నయ్య నంబరుంది. ఆసుపత్రి అక్కడికి రెండు కిలోమీటర్లు. కామేశ్ చేతులు తుడుచుకుని ఫోన్ తీశాడు. నంబరు మీద వేలు పెట్టబోయి ఆగాడు. ఫోన్ చేస్తే ఏమంటాడు? పొద్దున్న కారట్లేదన్నావు, మధ్యాహ్నానికి కారుతోందంటున్నావు, మూడున్నర వేల కోసం ఇన్ని నాటకాలా అంటాడు. మళ్ళీ ఆ మాటలు పడాలా? సంతకం పెట్టాడు కదా. తన ధర్మంగా తను ముందే చెప్పాడు కదా. ఫోన్ జేబులో పెట్టేసి, కొత్త బెల్టు బిగించి, మూత వేసేశాడు. నాలుగింటికి గున్నయ్య వచ్చి డబ్బులిచ్చి, ఈల చప్పుడు పోయిందని తృప్తిగా తల ఊపి వెళ్ళాడు. పొద్దున్న తను అన్న మాటకి తనే నొచ్చుకున్నట్టున్నాడు, వెళ్ళేముందు డిక్కీలోంచి నాలుగు కొబ్బరికాయలు తీసి బల్ల మీద పెట్టాడు.

ఆ తర్వాత ఎనిమిది నెలల్లో గున్నయ్య మూడు నాలుగుసార్లు వచ్చాడు. ఆయిలు మార్పించడానికి ఒకసారి, బ్రేకుల కోసం ఒకసారి. మంచిగానే మాట్లాడుకున్నారు. వచ్చిన ప్రతిసారీ కామేశ్‌కి ఆ గులాబీ రంగు చార గుర్తొచ్చేది. ఇప్పుడు చెబితే, అప్పుడే ఎందుకు చెప్పలేదని అడుగుతాడు. రోజులు గడిచేకొద్దీ చెప్పడం ఇంకా కష్టమైంది. కొన్ని పంపులు అలాగే రెండు మూడేళ్ళు లాగేస్తాయని తనకి తాను సర్ది చెప్పుకున్నాడు.

మే నెలలో ఒక శుక్రవారం, పొద్దున్న ఆరున్నరకి గున్నయ్య దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. హరిపురం దాటాక హైవే మీద బండి ఆగిపోయిందన్నాడు. ఉన్నట్టుండి టప్పున చప్పుడైందట, అంతే, ఇంకేం చేసినా స్టార్టు కావట్లేదు. పెద్దతల్లికి ఆయాసంగా ఉందని చెప్పి, తొందరగా రమ్మన్నాడు.

కామేశ్ ఇంకేమీ అడగలేదు. షెడ్డులో రిపేరు పూర్తయి, యజమాని కోసం ఎదురుచూస్తున్న కారొకటి ఉంది. ఆయనకి ఫోన్ చేసి అడిగి, దాన్ని తీసుకుని బయల్దేరాడు. దారంతా అతనికి వినిపించింది ఆ టప్పుమన్న చప్పుడే. కళ్ళతో చూడకుండానే లోపల ఏం జరిగిందో అతనికి తెలిసిపోయింది.

హైవే పక్కన, జీడిచెట్ల నీడన, బొంత పరిచి పెద్దతల్లిని కూర్చోబెట్టాడు గున్నయ్య. ఆమె రెండు చేతులూ నేల మీద ఆనించి, ముందుకి వంగి, నోటితో గాలి పీలుస్తోంది. కాళ్ళు వాచి, మెట్టెలు వేళ్ళలోకి దిగిపోయాయి. బుధవారం దగ్గరి బంధువుల ఇంట్లో పదకొండో రోజు కార్యం ఉంటే, ఒక్క పూటే కదా అని ఆసుపత్రికి రావడం మానేసింది. నాలుగు రోజుల నీరు ఒంట్లో చేరిపోయింది. అంబులెన్సు రావడానికి ముప్పావు గంట పడుతుందన్నారట. అటుగా వెళ్ళిన ఆటోలన్నీ నిండుగా వెళ్ళాయి. ఒక లారీ ఆగింది గాని ఆమె అంత ఎత్తుకి ఎక్కలేకపోయింది.

ఇద్దరూ కలిసి ఆమెని కారులో కూర్చోబెట్టారు. గున్నయ్య తన బండి తాళం వేసి వస్తానని వెనక్కి వెళ్ళినప్పుడు, పెద్దతల్లి కిటికీ అద్దం దించమని సైగ చేసింది. కామేశ్ దించాడు.

"ఆయన్నేటీ అనకు నాయనా," అంది మాట మాటకీ ఊపిరి తీసుకుంటూ. "నువ్వు ముందే సెప్పినావట గదా, పంపు మార్సాలని. నానే ఇన్నేదు, నానే సేసుకున్నానని ఇందాకట్నించీ తలకాయి కొట్టుకుంతన్నాడు."

కామేశ్ వెళ్ళి స్టీరింగు ముందు కూర్చున్నాడు. గున్నయ్య వచ్చి ఎక్కగానే బండి కదిలించాడు. అద్దంలో గున్నయ్య ముఖం కనిపిస్తోంది. భార్య వీపు రాస్తూ, అయిపోయింది, వచ్చీసాం, అదిగో పలాస అంటున్నాడు. పలాస ఇంకా పది కిలోమీటర్లుంది.

ఆసుపత్రిలో ఆమెని చూడగానే ఆక్సిజన్ పెట్టి, గంటలోపే డయాలసిస్ మీదికి ఎక్కించారు. ఊపిరితిత్తుల్లోకి నీరు చేరిందన్నారు. మరో గంట ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్ళమన్నాడు డాక్టరు. రెండు రోజులు ఆసుపత్రిలోనే ఉంచాలన్నారు. ఆ మాట విని గున్నయ్య వరండాలో గోడకి చేరగిలబడి కూర్చుండిపోయాడు. కామేశ్ పక్కనే కాసేపు నిలబడి, బండి లాగించి షెడ్డుకి చేరుస్తానని చెప్పి వచ్చేశాడు.

మధ్యాహ్నం కారు షెడ్డుకి చేరింది. కామేశ్ మిగతా పనులన్నీ పక్కన పెట్టి మూత విప్పాడు. పంపు బేరింగు పట్టేసింది. చక్రం బిగుసుకుపోయి, దాని మీద ఈడ్చుకుపోయిన కొత్త బెల్టుకి పళ్ళు పళ్ళుగా రబ్బరు ఊడిపోయింది. తల విప్పితే ఎనిమిది వాల్వుల్లో ఆరు వంగి ఉన్నాయి. వాల్వులు, గైడ్లు, గాస్కెట్లు, లేతు పని, మళ్ళీ బెల్టు, పంపు. సామానుకే ముప్ఫై ఒక్క వేలు లెక్క తేలింది.

భోజనానికి ఇంటికి వెళ్ళాడు గాని కంచం ముందు ఊరికే కూర్చున్నాడు. అతని భార్య యామిని టెక్కలిలో ఒక ప్రైవేటు కాలేజీ ఆఫీసులో గుమస్తా. సెలవులు గనక ఇంట్లోనే ఉంది. ఏమైందని అడిగింది. కామేశ్ జరిగింది చెప్పాడు. పొద్దున్న ఫోన్ రావడం, ఆమె ఆయాసం, వంగిన వాల్వులు అన్నీ చెప్పాడు. పంపు వద్దని గున్నయ్యే అన్నాడనీ, తన దగ్గర సంతకం కూడా ఉందనీ చివర్లో కలిపాడు.

యామిని మజ్జిగ గ్లాసు అతని ముందు పెట్టి అక్కడే నిలబడింది.

"మీరెప్పుడూ ఎవరి దగ్గరా సంతకం తీసుకోరు కదా," అంది. "ఆయన దగ్గరే ఎందుకు తీసుకున్నారు?"

"ఆ రోజు నలుగురిలో అంత మాట అన్నాడని."

"అన్నాక మీరు లోపల విప్పి చూశారు కదా. అప్పుడు పంపు బాగానే ఉందా?"

కామేశ్ మజ్జిగ గ్లాసు పక్కకి జరిపాడు. యామిని అతని కంచంలో అన్నం ఎండిపోతుంటే చూసి, తీసేసి లోపలికి పట్టుకెళ్ళింది. కాసేపటికి వచ్చి, ఆసుపత్రి క్యాంటీన్లో ఏం దొరుకుతుందో ఏమో, వాళ్ళకి కాస్త ఇడ్లీ పెట్టి ఇస్తాను, పట్టుకెళ్ళండి అంది. వెళ్ళి ఏం చెప్పాలో మాత్రం ఆమె చెప్పలేదు.

సాయంత్రం ఆసుపత్రి వరండాలో గున్నయ్య బెంచీ మీద ఒక్కడే ఉన్నాడు. పెద్దతల్లి నిద్రపోతోందనీ, ఆయాసం తగ్గిందనీ చెప్పాడు. కామేశ్‌ని పక్కన కూర్చోమని చోటిచ్చాడు. కామేశ్ టిఫిను డబ్బా ఇచ్చి నిలబడే ఉన్నాడు. గున్నయ్యే ముందుగా మాట్లాడాడు. ఆ రోజు నలుగురిలో అనకూడని మాట అన్నాననీ, ఆ పాపమే ఇలా కట్టి కుడిపిందనీ, మనసులో పెట్టుకోవద్దనీ అన్నాడు. అరవయ్యేళ్ళ మనిషి తనని క్షమాపణ అడుగుతుంటే కామేశ్‌కి ఇంక దాచాలనిపించలేదు.

"మావా, నీకొక మాట చెప్పాలి," అన్నాడు. "ఆ రోజు విప్పినప్పుడు పంపు పాడవుతోందని నాకు కనిపించింది. చార కట్టి ఉంది. తిప్పితే గరగరమంది. నీకు ఫోన్ చేద్దామని తీసి కూడా చెయ్యలేదు. నువ్వన్న మాటకి కోపంతో మానేశాను."

గున్నయ్య ఆవరణ వైపు చూశాడు. అక్కడ ఎవరో కుళాయి దగ్గర బిందె నింపుతున్నారు.

"ఫోన్ సెయ్యడానికి ఎంతసేపు పడుద్ది?" అని అడిగాడు.

"ఒక్క నిమిషం."

గున్నయ్య లేచాడు. తెరవని టిఫిను డబ్బాని బెంచీ మీద, కామేశ్ వైపుకి జరిపాడు.

"బండి ముట్టుకోకు," అన్నాడు. "ఇంకో మేస్త్రీని సూసుకుని పట్టికెల్లిపోతాను."

అని వార్డులోకి వెళ్ళిపోయాడు. కామేశ్ ఆ డబ్బా పట్టుకుని ఇంటికొచ్చాడు. యామిని దాన్ని తెరిచి చూసి, వంటింట్లో పెట్టింది. చెప్పేస్తే బరువు దిగుతుందనుకున్నాడు కామేశ్. దిగలేదు. కాకపోతే ఇదివరకు తనొక్కడికే తెలిసిన సంగతి ఇప్పుడు సంబంధించినవాళ్ళకి తెలిసింది, అంతే.

ఆదివారం పెద్దతల్లిని ఇంటికి పంపారని వార్డు దగ్గర వాకబు చేస్తే తెలిసింది. సోమవారం ఆమెని మళ్ళీ ఆటోలో తెచ్చాడు గున్నయ్య. షెడ్డు ముందునుంచే వెళ్ళింది ఆటో. లోపల ఆమె కళ్ళు మూసుకుని, భర్త భుజం మీద తల వాల్చి ఉంది. కామేశ్ చేతిలో స్పానరు పట్టుకుని ఆ ఆటో మలుపు తిరిగేదాకా చూశాడు.

బుధవారం తెల్లవారుజామునే తన చిన్నాన్న కొడుకు కారు అడిగి తీసుకుని వాళ్ళ పల్లెకి వెళ్ళాడు. చేరేసరికి వెలుగొచ్చింది. కొబ్బరి తోటల మధ్య ఇసుక దారి, వాకిట్లో ఆరబోసిన కొబ్బరి డొక్కలు, రెండు గదుల డాబా ఇల్లు. గున్నయ్య అరుగు మీద కూర్చుని ఆటో కోసం చూస్తున్నాడు. కామేశ్ దిగి, ఆసుపత్రికి తీసుకెళ్ళడానికి వచ్చానన్నాడు. గున్నయ్య ముఖం పక్కకి తిప్పుకున్నాడు.

లోపల్నుంచి పెద్దతల్లి వచ్చింది. గుమ్మం పట్టుకుని ఇద్దర్నీ చూసింది. భర్త ఆమెకి అంతా చెప్పే ఉంటాడు. ఆమె ఒక్కొక్క మెట్టే దిగి, నెమ్మదిగా నడుచుకుంటూ వచ్చి, కారు తలుపు తనే తీసుకుని వెనక సీట్లో కూర్చుంది.

"ఎక్కడికే?" అన్నాడు గున్నయ్య.

"నీ కోపం నీది. ఆ ఆటో కుదుపులు పడేది నాను," అంది ఆమె. "నువ్వొత్తే రా. నేకపోతే నీ ఆటోలో రా."

గున్నయ్య కాసేపు అలాగే కూర్చుని, సంచీ తీసుకుని, వచ్చి ఆమె పక్కన ఎక్కాడు. ముందు సీటు ఖాళీగానే ఉండిపోయింది.

అలా మూడు వారాలు గడిచాయి. సోమ, బుధ, శుక్రవారాలు కామేశ్ తెల్లవారేసరికి పల్లెలో ఉండేవాడు. మధ్యాహ్నం మళ్ళీ దింపేవాడు. షెడ్డులో పనులు వెనకబడ్డాయి, ఇద్దరు ముగ్గురు వేరే చోటికి వెళ్ళిపోయారు. గున్నయ్య అతనితో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. పెద్దతల్లి మాత్రం వెళ్ళేటప్పుడు ఏదో ఒకటి అడిగేది. మీ ఆవిడది ఏ ఊరనీ, పిల్లలెందుకు లేరనీ, డీజిలు బండికీ పెట్రోలు బండికీ తేడా ఏటనీ. తిరిగి వచ్చేటప్పుడు మాట్లాడే ఓపిక ఉండేది కాదు. ఒకసారి, సోంపేట దాటాక, భర్త కునుకు తీస్తుండగా మెల్లగా అంది. ఆ రోజు నువ్వు ఫోన్ చేసినా ఆయన వినేవాడు కాదు నాయనా, నాకు తెలుసు, రక్తం తగ్గిపోయిందని డాక్టరు చెప్పిన రోజది, ఆ పూట ఎవరు పలకరించినా కరిచేశాడు. అప్పుడే ఆ సంగతి కామేశ్‌కి తెలిసింది. వినేవాడు కాదన్న మాట పట్టుకుని ఊరట పొందాలని చూశాడు గాని కుదరలేదు. వినడం, వినకపోవడం ఆయన వంతు. చెప్పడం ఒక్కటే తన వంతు, అది చెయ్యలేదు.

కారు ఇంకా షెడ్డులోనే, తల విప్పి, గుడ్డ కప్పి ఉంది. ఏ మేస్త్రీ రాలేదు.

నాలుగో వారం శుక్రవారం, పెద్దతల్లిని లోపలికి పంపాక గున్నయ్య నడుచుకుంటూ షెడ్డుకి వచ్చాడు. ఎండకి చొక్కా తడిసిపోయింది. కామేశ్ స్టూలు వేశాడు. కూర్చోలేదు.

"టెక్కలిలో అడిగినాను, సోంపేటలో అడిగినాను," అన్నాడు గున్నయ్య. "ఆలందరూ ముందు నీ పేరే సెప్పినారు." ఆ మాట మెచ్చుకోలుగా లేదు, ఫిర్యాదులా ఉంది. "ఏదీ, లోపలేటైందో సూపించు."

కామేశ్ గుడ్డ తీశాడు. ఊడదీసిన సామానంతా ఒక రేకు మీద వరసగా పేర్చి ఉంది. ఒక్కొక్కటే తీసి చూపించాడు. ఇది బెల్టు, ఇక్కడ పళ్ళు ఊడిపోయాయి. ఇవి వాల్వులు, ఈ వంపు చూడు మావా. గున్నయ్య ఒక్కోదాన్ని అందుకుని, వెలుతురులో తిప్పి చూసి, కింద పెట్టాడు. కామేశ్ చివరికి పంపు ఇచ్చాడు. అడుగున రంధ్రం, దాని చుట్టూ చార చూపించాడు. తను ఆ రోజు చూసింది ఇదేనన్నాడు. గున్నయ్య చక్రం తిప్పబోయాడు. కదల్లేదు. అలాగే అరచేతిలో పెట్టుకుని నిలబడ్డాడు.

"ఆ రోజు ఇది నువ్వు నా సేతిలో ఎట్టి ఉంటే మార్సమనీవోడినో, నిన్ను ఇంకో నాలుగు మాటలనీవోడినో, నాకే తెల్దు," అన్నాడు. "నిజం సెప్పాలంటే అనే ఉందును. కానీ నువ్వు సెప్పుంటే ఇయాల నాను నన్నే తిట్టుకునీవోడిని. ఇప్పుడు ఎవుల్ని తిట్టాలో కూడా తెలీకుండా సేసినావు."

కామేశ్, బండి బాగు చెయ్యనిస్తే సామాను డబ్బులు మాత్రం ఇమ్మన్నాడు, అది కూడా వీలైనప్పుడు. పది రోజుల పని, తన కూలి ఒక్క రూపాయి కూడా వద్దన్నాడు.

"కూలి ఎందుకొదులుతావు?" గున్నయ్య అతని ముఖంలోకి చూశాడు. "అది ఒదిలేత్తే నీకు తేలికైపోద్ది. తీరిపోయిందనుకుంతావు. నాకొద్దు. కూలి పుచ్చుకో. ఇకనించి లోపలేటి కనిపిత్తే అది, నాను తిట్టినా కొట్టినా, నాకు సెప్పు."

పంపుని రేకు మీద పెట్టి, చేతులు తుడుచుకుని, డయాలసిస్ అయ్యే వేళైందని వెళ్ళిపోయాడు. ఆ మధ్యాహ్నం తిరుగు ప్రయాణంలో అతను ముందు సీట్లో కూర్చున్నాడు. మాట్లాడలేదు గాని, రోడ్డు మీద గేదెలు అడ్డొచ్చినప్పుడు జాగ్రత్త అన్నాడు.

బాగుచేయడానికి పన్నెండు రోజులు పట్టింది. వాల్వులు విశాఖపట్నం నుంచి రావాల్సి వచ్చింది. మధ్యలో రెండుసార్లు కామేశ్ ఫోన్ చేసి కనబడింది కనబడినట్టు చెప్పాడు. ఇంజన్ తలలో ఒకచోట సన్నటి గీత ఉంది, ఇప్పటికి పర్వాలేదు, ఏడాది రెండేళ్ళలో ఇబ్బంది పెట్టవచ్చు అన్నాడు. ఏటి సెయ్యాలి అని గున్నయ్య అడిగితే, నిర్ణయం నీదే, ఇప్పుడే తల మార్చెయ్యొచ్చు, లేదా కొన్నాళ్ళు ఇలాగే నడపొచ్చు అని విడమర్చాడు. గున్నయ్య రెండు రోజులు ఆలోచించి, ప్రస్తుతానికి వదిలెయ్యమన్నాడు. కామేశ్‌కి అది నచ్చలేదు. నచ్చలేదని కూడా చెప్పి, ఆయన చెప్పినట్టే చేశాడు. కూలితో సహా బిల్లు రాశాడు. గున్నయ్య సగం అప్పుడిచ్చి, మిగతాది కొబ్బరి దింపాక ఇస్తానన్నాడు.

బండి సిద్ధమయ్యాక వచ్చిన సోమవారం, పల్లెదాకా గున్నయ్యే నడిపాడు. ఇంజను ఎలా ఉందో వినడానికి కామేశ్ పక్కన కూర్చున్నాడు, తిరిగి బస్సులో వచ్చేయొచ్చని. వెనక పెద్దతల్లి బొంత మీద నిద్రపోయింది. హరిపురం దగ్గర జీడిచెట్లు వచ్చినప్పుడు గున్నయ్య వేగం ఇంకా తగ్గించాడు. ఇద్దరూ ఇంజన్ చప్పుడునే వింటున్నారు. అది నిలకడగా ఉంది.

ఇంటికి చేరాక బస్సు వేళ దాకా కూర్చోమన్నాడు గున్నయ్య. తోటలోకి వెళ్ళి ఒక లేత బొండం తెచ్చి, కత్తితో చెక్కి కామేశ్ చేతికిచ్చాడు. పెద్దతల్లి అరుగు మీద గోడకి చేరగిలబడి చూస్తోంది. డయాలసిస్ మొదలైనప్పటి నుంచి, గుండెకి ప్రమాదమని, ఆమె బొండం నీళ్ళు ముట్టకూడదు. మూడెకరాల కొబ్బరి మధ్య ఉండి రెండున్నరేళ్ళుగా ఆ రుచి ఎరగదు. ఆమె ఎదురుగా తాగడానికి కామేశ్‌కి మొహమాటమేసింది. బొండాన్ని చేతిలో అలాగే పట్టుకున్నాడు.

"తాగు నాయనా, నన్ను సూసి ఆగకు," అంది ఆమె.

తాగాడు. ఆమె అతని గొంతు వంకే చూస్తోంది.

"ఎలగుంది?"

ఏదో ఒకటి చెప్పి తప్పించుకుందామా అనుకున్నాడు. ఆమె జవాబు కోసం చూస్తోంది.

"చాలా తియ్యగా ఉందత్తా," అన్నాడు.

పెద్దతల్లి తృప్తిగా కళ్ళు మూసుకుంది. ఇంటి వెనకనున్న చెట్టు కాయ అయి ఉంటుందని ఆమె అంటే, కాదు, బావి పక్కదని గున్నయ్య అన్నాడు. ఇద్దరూ దాని మీద వాదించుకుంటుండగా, దూరంగా బస్సు హారన్ వినిపించి కామేశ్ లేచాడు.